దీపం కింద లేసు పువ్వులు

ఈ ఉదయం దేవుడి పీట కడుగుతూ, దీపం కుందుల కింద పరిచే రెండు లేసు పువ్వులూ తడిపాను. పాత నూలుకి చేతిచెమట వాసన ఇంకా పోలేదు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మని రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. మా నరసాపురం వైపు ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని లేసు అల్లేవారు. అమ్మమ్మ నా చేతికి సూదీ దారమూ ఇచ్చి, "ఈ పువ్వు పూర్తయ్యేసరికి మీ అమ్మ వచ్చేస్తుందే" అంది.

మూడు రోజుల్లో పూర్తయింది. అమ్మ రాలేదు. నేనెక్కడో అల్లిక తప్పాననుకుని, మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాను. అలా ఎన్నిసార్లు విప్పానో.

లేసు పట్టుకెళ్లడానికి వచ్చిన సుబ్బమ్మగారు నవ్వారు. "ఏంటండీ మామ్మగారూ! రోజుకి నాలుగు పూలు అల్లేసేవారు, వారానికి ఒక్కటీ లేదా? మనవరాలే నయం!"

"కళ్లు ఆనట్లేదమ్మా" అంటూ అమ్మమ్మ ఒళ్లో పువ్వు మీద కొంగు కప్పుకుంది.

అమ్మ ఇక రాదని చెప్పిన రోజు నాకు ఏడుపు రాలేదు. పువ్వు విప్పబోయాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"చాల్లే తల్లీ. నువ్వు బాగానే అల్లావు."

ఆ ఒక్క మాటకి ఇప్పటికీ ఆవిడకి దణ్ణం పెట్టుకుంటాను.

రెండో పువ్వు అమ్మమ్మది. ఆవిడ పోయాక పెట్టెలో దొరికింది. విప్పి విప్పి అల్లిన ఆ నూలు, నాదానికంటే ఎక్కువ నల్లబడి ఉంది.