దసరాకి చచ్చిన కణాలు

ఏం ఉద్యోగమని చుట్టాలు అడిగితే "మెదడు గడ్డల్ని పెంచుతా" అంటాను. అడిగినవాళ్ళు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. నిజానికి గచ్చిబౌలిలోని మా ల్యాబులో మేం పెంచేది ఆ గడ్డల్లోని కణాల్ని, అదీ మహా మొండివాటిని. మందు వేస్తే దెబ్బ తింటాయి, తాపీగా ఆ దెబ్బను బాగుచేసుకుని మళ్ళీ పెరుగుతాయి. వేరే రోగాలకి ఎప్పట్నుంచో వాడుతున్న పాత మందులు వీటి మీదేమైనా పనిచేస్తాయా అని చూడడం నా పని. కొత్త మందు కొత్తల్లుడి లాంటిది, ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. పాతల్లుడి గుణం ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆ దసరాకి నా చేతిలో ఉన్న పాతల్లుడు నులిపురుగుల మందు.

మా పెద్దమ్మ తలలోనూ అలాంటి గడ్డే. లింగంపల్లిలో మా పక్క వాటాలోనే ఉంటుంది. దవాఖానలో ఆపరేషన్ చేశారు, రేడియేషన్, అదే కరెంటు, పెట్టారు, క్యాప్సూల్ బిళ్ళలిచ్చారు. గడ్డ మళ్ళీ వచ్చింది. బిళ్ళలిక పనిచేయడం లేదన్నారు. పెద్దమ్మ దానికి కిరాయోడని పేరు పెట్టింది. "ఎంత జెప్పినా ఖాళీ జేస్తలేడు బిడ్డా, నీ మందేందో జెల్ది తే" అనేది. నవ్వుతూనే అనేది గానీ, నాకు ఆ మాట విన్న రోజు అన్నం దిగేది కాదు.

మా ల్యాబు పెద్ద, మేడమ్, కోస్తా మనిషి. ఎంత పెద్ద సైంటిస్టైనా ఆయుధపూజ దగ్గర మాత్రం రాజీ లేదు. "బొట్టు పెట్టకపోతే మిషన్లు మొరాయిస్తాయండీ" అంటారు. చక్రాల్లేని మిషన్ల ముందు కూడా నిమ్మకాయలు పెట్టించారు. కణాలు ఉండే వెచ్చని పెట్టెకైతే అరచేయంత బొట్టు, ముందు భాగమంతా మూసుకుపోయేలా బంతిపూల దండ. చివర్లో సీరియల్ లైట్లు మేడమే స్వయంగా పెట్టారు. అందరం చప్పట్లు కొట్టి, పులిహోర తిని, సెలవులకి వెళ్ళిపోయాం.

తిరిగొచ్చేసరికి లైట్లు ఇంకా మిలమిలలాడుతున్నాయి. శుభం అనుకుని, సెలవులకి ముందు మందు వేసి పెట్టిన నా ప్లేటు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. కణాలన్నీ చచ్చి తేలుతున్నాయి! చంకలు గుద్దుకుని, పెద్దమ్మకి ఫోన్ చేసి, నులిపురుగుల మందు గెలిచిందని చెప్పేశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మేడమ్ వచ్చి చూసి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత అడిగారు.

"మందు వెయ్యని ప్లేటు చూశారా అండీ?"

చూశాను. అందులోనివీ చచ్చాయి. మందు వెయ్యనివీ చచ్చాయంటే చంపింది మందు కాదు. మేడమ్ బంతిపూల దండ పక్కకి జరిపారు. పెట్టె మీద అంకెలు వెలగడం లేదు. లోపల చెయ్యి పెడితే చల్లగా ఉంది. దాని ప్లగ్గు నేల మీద పడుంది, దాని చోట సీరియల్ లైట్లున్నాయి.

"ఎవరండీ ఈ పని చేసింది?" అని గర్జించారు మేడమ్. అందరం ఆవిడ వంకే చూశాం. కాసేపటికి ఆవిడే "నేనే కదండీ" అని స్టూలు మీద కూలబడ్డారు.

నేను బైక్ ట్యాక్సీ ఎక్కి లింగంపల్లికి పరిగెత్తాను. పెద్దమ్మ మొహం ఎలా చూడాలో తెలియక దారంతా ఏడుపొచ్చింది. గుమ్మం ముందు చెప్పులే చెప్పులు. లోపల కాలనీ ఆడవాళ్ళందరికీ జిలేబీలు పంచుతోంది పెద్దమ్మ. ఒళ్ళో నులిపురుగుల మాత్రల షీటు.

"మింగినవా?" అని అరిచాను.

"ఇంకా లేదు. తిన్నంక ఏస్కోవాల్నా, తినకముందా అని నిన్నడుగుదామని ఆగిన."

షీటు లాక్కున్నాను. డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దన్నాను. పూజ, దండ, లైట్లు, ప్లగ్గు, అన్నీ చెప్పాను. పెద్దమ్మ నోట్లో ఉన్న జిలేబీ నమిలి మింగింది.

"అంటే, నాకు కరెంటు పెడ్తే సావనోడు, నీ కాడ కరెంటు తీస్తే సచ్చిండా?"

అని పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కాలనీ అంతా నవ్వింది, నేను కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వాను.

అందరూ వెళ్ళాక మెల్లగా అడిగింది. "మళ్ల ఎప్పుడు పెడ్తవ్ ప్లేటు?"

"ఫ్రీజర్ల దాచిన కణాలు తీసి మళ్ల పెంచాలె. నెల పడ్తది. గప్పుడు పనిచేసినా అది ప్లేటులనే పెద్దమ్మా. మనుషుల దాక వచ్చేటాళ్లకు ఏండ్లు పడ్తది." ఆమెకి అబద్ధం చెప్పలేకపోయాను.

పెద్దమ్మ జిలేబీ డబ్బాకి మూత పెట్టింది.

"ఏండ్ల ముచ్చట నాకు జెప్పకు. నెలంటివి గదా. నెల ఉంట తియ్. నువ్వు పొయ్యి కణాలు పెంచు."