మోషేకి రెండు సైగలు

ఆ శనివారం మధ్యాహ్నం గ్రంథాలయం మేడమీది హాల్లో, మోషే అనేవాడు లేనేలేడని ఆమె చేతులు పదకొండు సార్లు చెప్పాయి. లెక్క ఆమెది కాదు, పక్క కుర్చీలో కూచున్న జోడీదారుడిది. ఇద్దరూ దుబాసీలు. వినపడేవాళ్ళ మాటల్ని వినపడనివాళ్ళకి సైగల్లో చెప్పడం, వాళ్ళ సైగల్ని వీళ్ళకి నోటితో చెప్పడం వాళ్ళ పని. ఇరవై నిమిషాలు దాటితే ఎంతటివాళ్ళకైనా బుర్ర మొరాయిస్తుంది, అందుకే జంటగా వెళ్ళి వంతులు వేసుకుంటారు. సరిగ్గా ఇరవయ్యో నిమిషానికి మోకాలి మీద వేలితో తట్టడం వల్ల అతనికి అలారం అని పేరు పడిపోయింది. యాభై దాటినవాడు, ఒకప్పుడు బ్యాంకు గుమాస్తా. దేన్నైనా లెక్కపెట్టకపోతే తోచదు.

ఆమెకి నలభై నాలుగేళ్ళు. అమ్మా నాన్నా ఇద్దరూ పుట్టుచెవిటివాళ్ళు, ఇంట్లో వినేది ఆమె ఒక్కతే. ఆరేళ్ళప్పుడే ఇంటి యజమానితో కుళాయి గురించి పోట్లాడింది. తొమ్మిదేళ్ళప్పుడు, కడుపులో బిడ్డ నిలవలేదన్న మాటని డాక్టరు నోటినుంచి తీసుకుని అమ్మకి అందించింది. తలలో నాలుక అని ఊరికే అంటారు గానీ, ఆ ఇంటికి ఆమె నిజంగానే నాలుక. అప్పటినుంచీ ఆ చేతులకి కుదురు లేదు. బస్సులో ఎవరో పక్కసీట్లో అత్తగారిని తిట్టుకుంటుంటే ఈమె వేళ్ళు ఒళ్ళో ఆ తిట్లన్నీ తర్జుమా చేస్తూ ఉంటాయి. చూసినవాళ్ళు కొంచెం దూరం జరుగుతారు.

ఆ వారం మరీ కాలుగాలిన పిల్లిలా ఉంది. వచ్చే గురువారం నాన్నకి కళ్ళ డాక్టరు దగ్గర పనుంది. ఆయనకి డెబ్భై ఒకటి. నలభై ఏళ్ళు పుస్తకాలు కుట్టి అట్టలు వేసిన బైండరు. కుడి కన్ను మసకబారిందని కిందటి నెల తీసుకెళ్తే, డాక్టరు పరీక్షలన్నీ చేసి ఆమెతో రెండు మాటలు చెప్పాడు. కుడి కన్ను పోయింది, ఇక రాదు. ఎడమ కన్నులో కూడా మొదలైంది, ఆపరేషను చెయ్యాలో వద్దో ఈసారి తేల్చుకుందాం. ఆమె నాన్నకి చెప్పింది ఒకటే మాట: జాగ్రత్తగా చూసుకోవాలట, మళ్ళీ రమ్మన్నారు. చెవులు లేని మనిషికి కళ్ళే చెవులు. ఆ మాట చేతులదాకా వచ్చి ఆగిపోయింది. నెలరోజులుగా మింగలేక కక్కలేక తిరుగుతోంది.

దుబాసీ పనిలో ఒకటే నియమం. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళయిపోవాలి. "ఆయన ఇలా అంటున్నాడు" అనకూడదు, ఆయన నేను అంటే ఈమె కూడా నేను అనాలి. కలపకూడదు, తీయకూడదు, మెత్తబరచకూడదు. ఇది ఏ శిక్షణలోనో కాదు, చిన్నప్పుడే నాన్న నేర్పాడు. ఒకసారి ఇంటి యజమాని ఆయన్ని బుర్రలేనివాడన్నాడు. పిల్ల దాన్ని "కోపంగా ఉన్నారు నాన్నా" అని మార్చింది. ఆయన యజమాని పెదాలు చదివాడు. పిల్లని కూచోబెట్టి, తిట్టు నాదే, నాకివ్వు, మధ్యలో నువ్వెందుకు తినడం అన్నాడు.

ఇక మోషే సంగతి, బానిసలైన తన జనాన్ని రాజు చెర విడిపించి నలభై ఏళ్ళు ఎడారిలో నడిపించాడని చెప్పే పాతకాలపు మనిషి. నాన్న చదివింది చెవిటిపిల్లల బడిలో. అక్కడ సైగ చేస్తే వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొట్టేవారు, నోటితోనే పలకాలి. ఒక పంతులు వారానికో పాతకథ చెప్పేవాడు, పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. మోషే కథలో పిల్లలకి సముద్రం చీలడం అందలేదు, పొదలో మంట అందలేదు. ఒక్కటి అందింది. దేవుడు వెళ్ళి రాజుతో మాట్లాడమంటే, నా నాలుక బరువు, నా వల్ల కాదు అన్నాడట ఆ మనిషి. అయితే మీ అన్నని నోరుగా తీసుకెళ్ళు అన్నాడట దేవుడు. ఆ సాయంత్రం పడకల గదిలో నాన్న దానికో సైగ కట్టాడు. రెండు వేళ్ళు మడిచి కింది పెదవి మీద బరువుగా ఆనించడం, రాయి పెట్టినట్టు. పెళ్ళయ్యాక ఇంట్లోనూ మోషే అంటే అదే సైగ. ప్రార్థనలకి పెద్దగా వెళ్ళే మనిషి కాదు గానీ, మోషే మాటెత్తితే మాత్రం మొహం వెలిగేది. మీ నాన్నకి ఆయన మేనమామ వరస అని అమ్మ వెక్కిరించేది.

బయట వినపడనివాళ్ళందరూ వాడే సైగ వేరు. రెండు అరచేతులు పక్కపక్కన నిలబెట్టి చూపిస్తారు, ఆజ్ఞలు చెక్కిన రెండు రాతిపలకలు. గ్రంథాలయంలో "మోషే ఎవరు?" అని ముగ్గురితో చర్చ పెట్టి పిలిచినప్పుడు, ఆమే అలారమూ రెండు సాయంత్రాలు కూచుని మాటల జాబితా రాసుకున్నారు. మోషేకి రెండు పలకలు అని అందులో మొదటి వరసలోనే ఉంది.

హాల్లో వినపడనివాళ్ళు నలభైమంది దాకా వచ్చారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎడమ కన్ను వేదికవైపు పడేట్టు మూడో వరసలో కుడివైపు చివర కూచున్నాడు. ఎందుకక్కడ కూచున్నాడో ఆమెకి తెలుసు. ఆ తరవాత జరిగిన తడబాటుకి మూలం అదే.

తవ్వకాలు చేసే ఆవిడ ముందు మాట్లాడింది. ముప్ఫై ఏళ్ళు ఎడారుల్లో మట్టి జల్లెడ పట్టిన మనిషి, మాట కూడా పొడిగా ఉంది. లక్షలమంది నలభై ఏళ్ళు నడిస్తే పొయ్యిలు మిగలాలి, కుండపెంకులు మిగలాలి, ఎముకలు మిగలాలి. గొర్రెలు కాసుకునే నాలుగు కుటుంబాల ఆనవాళ్ళు దొరికాయి గానీ వీళ్ళవి దొరకలేదు. ఓడిపోయి చెదిరిపోయిన జనం చాలా తరవాత తమకో తండ్రిని కల్పించుకున్నారని తన అభిప్రాయం. రిటైరైన జడ్జిగారు దానికి అడ్డం వచ్చాడు. మనిషి ఉన్నాడా లేడా అనేది కోర్టుకి అక్కర్లేదు, రాజు కూడా లోబడాల్సిన చట్టం అనే ఆలోచన ఆ పేరు మీద వచ్చింది, అది చాలు. కానీ అదే పేరు మీద, బంగారు దూడకి మొక్కినందుకు మూడువేలమందిని కత్తికి ఎర చేసినట్టు కూడా రాసి ఉంది, చట్టాన్ని పొగిడేవాళ్ళు ఆ పేజీ తిప్పేస్తారని తనకి చిరాకు. మతగురువు నవ్వుతూ మా ముత్తవ్వ పొయ్యి కూడా ఎక్కడా దొరకదు, అంతమాత్రాన నేను ఆకాశంలోంచి ఊడిపడలేదు కదా అన్నాడు. హాలంతా నవ్వింది. నలభైమంది రెండు క్షణాలు ఆలస్యంగా నవ్వారు.

తవ్వకాల ఆవిడ మళ్ళీ అందుకునే సరికి కూతురి రెండో వంతు నడుస్తోంది. చెవులు ఆవిడ మాట మీద, కళ్ళు మూడో వరస మీద. ఎప్పుడు మారాయో తెలీదు, చేతులు రెండు పలకలు వదిలేసి వేళ్ళు మడిచి పెదవి మీదికి వెళ్ళాయి. ఇంట్లో నాన్న ముందు మోషే గురించి మాట్లాడేటప్పుడు నలభై ఏళ్ళుగా వెళ్ళిన దారి అది. అలారం చూశాడు. ఆ సైగ అతనికి తెలీదు, నత్తి అనుకున్నాడు. ఆవిడ నత్తి అనలేదే అని తికమకపడి, సాయం చెయ్యబోయి తన కాగితంలో వెతుక్కుంటూ ఉండిపోయాడు. వెతుకుతూ లెక్కపెట్టాడు. వినపడేవాళ్ళు విన్నది మోషే లేడని. ఎదురుగా ఉన్న నలభైమంది చూసింది, నాలుక బరువైన మనిషి ఎవడూ లేడని.

మూడో వరసలో నాన్న చేతులు కట్టుకున్నాడు.

ప్రశ్నల వేళ చెవిటి బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ లేచింది. తనూ వినపడనిదే, ముక్కుసూటి మనిషి. ఆమె చేతులు కదలగానే దుబాసీకి సంగతి తెలిసిపోయింది. కానీ వంతు తనదే, నియమం నియమమే. మైకు దగ్గరికి లాక్కుని తన గొంతుతోనే చెప్పింది.

"నాకు దుబాసీ మీద ఫిర్యాదు ఉంది. ఆవిడ మోషేకి అందరి సైగ మానేసి, మాట సరిగ్గా రానివాడు అనే సైగ వాడుతున్నారు. వక్త ఆ మాట అన్నారా, దుబాసీ సొంతంగా కలిపారా?"

ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నారో అర్థంకాక జడ్జిగారు కళ్ళజోడు సర్దుకున్నాడు. తవ్వకాల ఆవిడకి మాత్రం విషయం వెంటనే పట్టుబడింది. నేను ఆ మాట అనలేదు, కానీ అన్నట్టయితే బాగుండేది అంది. నా వాదనలో నాకు నిద్రపట్టనివ్వనిది అదొక్కటే. తండ్రిని కల్పించుకునే జనం వాడికి తేనెలాంటి మాట ఇస్తారు గానీ మొద్దు నాలుక ఎందుకిస్తారు? దానికి నా దగ్గర జవాబు లేదు. దుబాసీ అది కూడా సైగల్లో చెప్పింది, ఈసారి రెండు పలకలతో. ఆ తరవాత తన వైపునుంచి క్షమాపణ చెప్పుకుని, కుర్చీ అలారానికి వదిలేసింది.

తిరుగు బస్సులో నాన్న రెండు చేతులతోనూ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఒక చేత్తో పట్టుకుంటే రెండో చెయ్యి మాట్లాడాలి. పదిహేడు స్టాపులు అలాగే వచ్చాడు. ఆవిడ నీ మోషేని కాదన్నది గానీ చివర్లో కొంచెం తగ్గింది కదా నాన్నా అని ఆమె రెండుసార్లు ఎత్తింది. ఆయన కిటికీ బయటికి చూశాడు.

ఇంట్లో అమ్మ బంగాళాదుంపల తొక్క తీస్తోంది. కబురు ఆమెకి అప్పటికే ఫోన్లో వీడియోగా అందింది. కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మీ మేనమామ లేడని తేల్చారటగా, ఆస్తి ఎవరికి రాశాడో అడగకపోయారా అంది. మళ్ళీ కత్తి తీసుకుంది. నాన్న నవ్వలేదు. నాన్న బాధంతా మోషే కోసమే అనుకుని కూతురు సముదాయించబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదన్నాడు. బైండింగు షాపులో ఆరుగురం వారం పనిచేస్తేనే బుట్టలు బుట్టలు చెత్త. లక్షలమంది నలభై ఏళ్ళుంటే గుండీ కూడా దొరకదా, నాకూ ఎప్పటినుంచో అనుమానమే. చట్టం పుస్తకాలూ కుట్టాను, ప్రార్థన పుస్తకాలూ కుట్టాను, ఏది నిజమో నన్నెవరూ అడగలేదు. కానీ ఒకదాని పేజీ ఇంకోదాంట్లో కుడితే నన్నడుగుతారు.

తరవాత బల్ల మీద రెండుసార్లు గుద్దాడు, తనవైపే చూడమని.

"ఇవాళ చూశాను. నీ చేతుల్లో నీ మాట కలుస్తోంది. కిందటి నెల కళ్ళ డాక్టరు ఏమన్నాడు? ఆయన అన్నదే చెప్పు."

ఆమె చేతులు ఒకసారి లేచి పడ్డాయి. జడ కొస సర్దుకున్నాయి, బల్ల అంచు తడిమాయి. అమ్మ కత్తి ఆపింది. చివరికి చెప్పింది, డాక్టరయిపోయి, ఆయన చెప్పిన వరసలోనే. మీ కుడి కన్ను పోయింది, ఇక రాదు. ఎడమ కన్నులో కూడా మొదలైంది, ఆపరేషను చెయ్యాలో వద్దో ఈసారి తేల్చుకుందాం.

నాన్న కుడి కన్ను మూసి తెరిచాడు, ఎడమ కన్ను మూసి తెరిచాడు, తనంతట తను సరిచూసుకున్నట్టు.

"ఇది ఆయన మాటేనా?"

"ఆయన మాటే నాన్నా."

"గురువారం అలారాన్ని రమ్మను."

"నాన్నా, నేను నీ కూతుర్ని."

"అందుకే."

అమ్మ మళ్ళీ తొక్క తీయడం మొదలెట్టింది. కూతురు అలారానికి ఫోన్ చేసింది. అతను పేరు, వేళ, ఎంతసేపు అన్నీ రాసుకున్నాడు, ఎందుకని అడగలేదు. ఆదివారం, సోమవారం ఆమె అలమరాలన్నీ సర్దింది. మంగళవారం మళ్ళీ విప్పి సర్దింది.

గురువారం తొమ్మిదీ నలభైకి నాన్నా అలారమూ గదిలోకి వెళ్ళారు. ఆమె బయట బల్ల మీద కూచుంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. నీళ్ళగది దగ్గర రెండుసార్లు చేతులు కడుక్కుంది. నర్సు పిలుస్తున్న పేర్లు వేళ్ళమీదికి వస్తుంటే చేతులు తొడల కింద పెట్టుకుంది. గది తలుపుకి మసక గాజు. అవతల అలారం నీలం చొక్కా చేతులు ఆడుతుండటం తెలుస్తోంది, ఏం చెప్తున్నాయో తెలియడం లేదు. పుట్టిన తరవాత మొదటిసారి ఆమెకి నాన్న సంగతి నాన్న కన్నా ముందు తెలియలేదు.

పదీ ఇరవై ఐదుకి అలారం బయటికొచ్చాడు. ఆమెని చూసి తల ఊపి, లోపలి మాట బయట చెప్పకూడదు కాబట్టి పెదవి విప్పకుండా మెట్లవైపు వెళ్ళిపోయాడు. వెనకే నాన్న గోడ పట్టుకుని వచ్చాడు. పక్కన కూచుని, కాసేపు ఊపిరి తీసుకుని, గోడ వదిలి రెండు చేతులూ పైకెత్తాడు.

ఎడమ కన్నుకి ఆపరేషను, వచ్చే నెల పదహారు, పొద్దున ఎనిమిదింటికి. చూపు నిలబడే అవకాశం పదింట ఆరు వంతులు. ఆ రోజు కూడా లోపలికి అలారమే వస్తాడు. బయట ఉండటానికి ఒకరు కావాలన్నారు, వస్తావా అని అడిగాడు.