వెనక్కి తిరిగిన డ్రైవరు

'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డు కింద ఉద్యోగమంతా గడిపిన మనిషి, రిటైరయ్యాక కూడా ఆ బోర్డు తన నెత్తిమీదే ఉన్నట్టు బతికేవాడు. కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు, చూపు కిటికీలోంచి రోడ్డు మీదే. భార్య మాటల జోరు పెంచితే కుడికాలు దానంతటదే నేలను బ్రేకులా తొక్కేది తప్ప నోరు పెగిలేది కాదు. ఆమే విసుగెత్తి, పేటలోని కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు నాటకం ఆడేవాళ్ళకు ఆయన్ను అప్పజెప్పి వచ్చింది. అక్కడ వచ్చినవాళ్ళందరికీ వేషం ఉంటుంది: చక్రాల కుర్చీలో వచ్చే టైలరమ్మకీ, చూపులేని మాస్టారికీ, నత్తితో సతమతమయ్యే సెలూనాయనకీ. ఈయనకి బస్సు డ్రైవరు వేషం ఇచ్చారు. మాటల్లేవు, అట్ట స్టీరింగు తిప్పడమే పని.

ప్రదర్శన రోజు, ప్రయాణికుడి వేషంలో ఎక్కడ దిగాలో చెప్పాల్సిన సెలూనాయనకి మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోయింది. డ్రైవరు కుడికాలు బ్రేకు తొక్కింది. ఆయన స్టీరింగు వదిలి, మెల్లగా వెనక్కి తిరిగాడు.

"తొందరేం లేదు తమ్ముడూ! నువ్వు చెప్పేదాకా ఈ బస్సు కదిలితే ఒట్టు."

సెలూనాయన పకపకా నవ్వాడు. ఆ నవ్వులోనే మాట జారి బయటపడింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

ఇప్పుడు గడ్డం పెరిగినా పెరగకపోయినా, డ్రైవరు పొద్దున్నే సెలూన్లో కబుర్లకి హాజరు. భోజనానికి పిలవడానికి వచ్చే భార్య గుమ్మంలోనే మొదలుపెడుతుంది.

"ఆ బోర్డు ఎక్కడైనా దొరికితే చెప్పండి బాబూ, ఈయన మెళ్ళో తగిలిస్తాను!"

అని, తనూ ఓ కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.