అబ్బా రెండోసారి పెట్టిన సంతకం

మొన్నొక ఆదివారం తెనాలిలో మా చెల్లెలి ఇంట్లో పెసరట్లు తింటూ కూర్చున్నామా, ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న దాని కూతురు ఫోను చూసుకుని "ఒకటి పోయింది ఖాలా" అని, అల్లప్పచ్చడి గిన్నె తనవైపు జరుపుకుంది. మాలో అమ్మ అక్కచెల్లెళ్ళని ఖాలా అంటారు లెండి. పోయిందంటే చెవి రింగో ఇంకేదో అనుకుని నేను బల్ల కింద వెతకబోయాను. కాదట, సబ్జెక్టట. ఏడవవేమే అని అడిగితే, ఎందుకూ, వచ్చే సెమిస్టర్లో రాసేస్తానంది. వాళ్ళమ్మ కూడా ఇంకో అట్టు తిరగేసింది తప్ప పెనం దింపలేదు. మా కాలంలో అయితే అని మొదలుపెట్టబోయి, ఆ మాటతో మొదలైన వాక్యాన్ని ఈ పిల్లలెవరూ చివరిదాకా వినరని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని, అందుకే ఇక్కడ తెరుస్తున్నాను. మీరైనా వినండి. మీలో నోటీసు బోర్డు ముందు నిలబడి కాళ్ళు చల్లబడ్డవాళ్ళు ఎంతోకొంత మంది ఉండే ఉంటారు.

రెండువేల మూడో, నాలుగో. బాపట్లలో నాకు వ్యవసాయ డిగ్రీ సీటొచ్చింది. ఏ కాలేజీ అని అడక్కండి, చెప్పను. మా నాన్నగారు, మేము అబ్బా అంటాం, తెనాలి బజారులో జెంట్స్ టైలరు. ఉర్దూ ధారాళంగా చదివేవారు, తెలుగు కూడబలుక్కుని చదివేవారు, ఇంగ్లీషు మాత్రం చొక్కా కాలరు మీది లేబుల్ దాకానే. మా వంశంలో ఇంటరు దాటిన మొదటి మనిషిని నేనే కాబట్టి, కొట్టుకొచ్చిన ప్రతివాడి నడుముకీ టేపు చుట్టి, వాడు కదలడానికి వీల్లేని సమయం చూసి, మా అమ్మాయి పొలాల డాక్టరు చదువుతోందని చెప్పేవారు. పొలాలకి డాక్టరేంటి అబ్బా అని నేను వాళ్ళ ముందే గొడవ పెట్టుకునేదాన్ని.

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో నేనే ఫస్టు. అక్కడేమో పాఠం, ప్రశ్న, చీవాట్లు అన్నీ ఇంగ్లీషులోనే. అర్థం కానిచోట నోరు మూసుకుని రాసుకున్నవాళ్ళు పాసయ్యారు. నేను అర్థం కానిచోటే వాదించాను. స్టాటిస్టిక్స్ మేడంతో అర మార్కు కోసం స్టాఫ్ రూము గుమ్మంలో పావుగంట పోట్లాడి, ఆ అర మార్కు గెలుచుకుని, మొత్తం సబ్జెక్టు పోగొట్టుకున్నదాన్ని.

అక్కడి చదువుకొక గీత ఉండేది. అన్ని సబ్జెక్టుల సగటూ కలిపి పదికి అయిదుకి తగ్గకూడదు. ఒక సెమిస్టర్ తగ్గితే ప్రొబేషన్ అనేవారు, అంటే నీ మీద ఒక కన్నేసి ఉంచామని. వెంటనే వచ్చే సెమిస్టర్లో కూడా తగ్గితే కాలేజీ రోల్సులోంచి పేరు కొట్టేస్తారు, ఇక పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే. మొదటి సెమిస్టర్ జాబితా ఆఫీసు గోడకి అంటించినప్పుడు అందులో పేర్లు లేవు, నంబర్లే. నా నంబరు కిందనుంచి మూడోది, నాలుగు పాయింట్ ఎంతో, పక్కన ఎర్రసిరా గుర్తు. నా పక్కన నిలబడ్డ అమ్మాయితో "పాపం, ఎవరో" అన్నాను. అంతటి గుండెదిటవు నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ప్రతి పదిమంది పిల్లలకీ ఒక సారుని అడ్వైజరుగా అప్పజెప్పేవారు. మా సారు పురుగుల శాస్త్రం చెప్పేవారు. సన్నగా, నెమ్మదిగా, కోపమొస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆయన నా చేతికి ఒకే కాగితం రెండు ప్రతులిచ్చి, ఒకటి మీ నాన్నగారి సంతకంతో తీసుకురా, రెండోది నీ దగ్గరుంచుకుని రోజూ చదువుకో అన్నారు. ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు వాక్యాలు. నా కుమార్తె చదువులో వెనకబడిన సంగతి నాకు తెలుసును, వచ్చే సెమిస్టర్లో కూడా వెనకబడితే ఆమె పేరు తొలగించుటకు నాకు అభ్యంతరము లేదు, అని.

ఆ శనివారం కొట్లో అబ్బా ముందు ఆ కాగితం పెట్టి, హాస్టలు కాగితం అన్నాను. ఆయన కత్తెర పక్కన పెట్టారు, వేళ్ళకంటిన సుద్ద లుంగీకి తుడుచుకున్నారు, ఎక్కడ పెట్టాలని అడిగారు. చూపించాను. తెలుగు అక్షరాల్లో, ఒక్కో అక్షరం విడివిడిగా సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊది, "బాగా వచ్చిందామ్మా?" అన్నారు. బాగా వచ్చిందన్నాను.

ఇక ఆ రెండో సెమిస్టరంతా నేను భయాన్ని అన్నంలో కలుపుకుని తిన్నాను. అటెండరు చీటీ పట్టుకుని క్లాసు గుమ్మంలోకొస్తే చాలు, అది నా పేరు మీదే అనుకుని పుస్తకాలు సంచిలో సర్దేసుకునేదాన్ని. నిజం చెప్పాలంటే పేరు కొట్టేస్తారన్న భయం సగమే. అదొక్కరోజు అవమానం, ఏదోలా మింగొచ్చు. నా పేరు కొట్టెయ్యమని తనే సంతకం చేసిచ్చానని అబ్బాకి తెలిసే రోజు ఒకటుంటుంది కదా, అది మాత్రం మింగుడుపడేది కాదు. పుస్తకం తెరిచినా ఆ కాగితమే, మూసినా ఆ కాగితమే.

పురుగుల శాస్త్రానికి ప్రతివాళ్ళూ అరవై రకాల పురుగుల్ని పట్టి, గుండుసూదులు గుచ్చి, ఎక్కడ పట్టిందీ ఎవరు పట్టిందీ చీటీలు పెట్టి, అద్దం మూత పెట్టెలో అప్పజెప్పాలి. కానీ పట్టేదెవరు? సీనియర్లు తమ పెట్టెల్ని జూనియర్లకి ఇచ్చేవారు, జూనియర్లు చీటీలు మార్చి తమవనేవారు. చదువంతా వదిలేసి తూనీగల వెంట పరుగెత్తే తీరిక ప్రొబేషన్లో ఉన్నదానికెక్కడిది, మిగతావి గట్టెక్కాలి కదా అని నాకు నేనే నచ్చజెప్పుకుని, హాస్టల్లో ఒక సీనియరక్క ఇచ్చిన పెట్టెకి చీటీలన్నీ మార్చి, చక్కటి దస్తూరీతో నా పేరు రాసి, సారు బల్ల మీద పెట్టాను.

ఆయన ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చి, కొబ్బరిచెట్లని తొలిచే కొమ్ముపురుగు దగ్గర ఆగారు.

"ఇదెక్కడ పట్టావమ్మా?"

"రేపల్లెలో అండి. మా ఖాలా వాళ్ళ దొడ్లో."

"ఎడమ వెనక కాలేదీ?"

"దొరికినప్పుడే కుంటిదండి సార్."

"కుడి వెనకదో?"

"అదీ... పుట్టుకుంటిదేమోనండి."

"మధ్య కాలు కూడానా?" సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మార్కులేసిన ప్రతి పెట్టెలోనూ కొమ్ముపురుగుకి ఒక కాలు తుంచుతానమ్మా నేను. మూడేళ్ళు, మూడు కాళ్ళు. ఇది నీకు సీనియరు. మూడుసార్లు పాసయ్యింది కూడా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తల దించుకుని ఊరుకున్నా బాగుండేది. నేను వాదించాను. ఎలుక కొరికి ఉండొచ్చన్నాను, చీమలు లాక్కుపోయి ఉండొచ్చన్నాను, మీరు తుంచారనడానికి రుజువేంటన్నాను. ఆయన ఇంకా నెమ్మదైపోయి, సోమవారం మీ నాన్నగారిని తీసుకురా, ఆయన సంతకం చేసిన కాగితం ఆయన ఎదురుగానే చూద్దాం అన్నారు. 

మధ్యాహ్నం పాసింజరులో బాపట్ల నుంచి తెనాలి చేరాను. స్టేషన్లోంచి బయటికి నడిస్తే పది నిమిషాల్లో అబ్బా కొట్టు. నా కాళ్ళు బయటికి నడవలేదు, రేపల్లె బండిలోకి నడిచాయి. జంపని దాటింది, వేమూరు దాటింది. కిటికీలోంచి వరిచేలు చూస్తూ, ఈ చేలల్లో అరవై పురుగులు కాదు అరవై వేలున్నాయి కదా, ఒక్కదాన్నీ పట్టని నేను ఏ మొహంతో పొలాల డాక్టర్నవుతానని అనుకుంటూ కూర్చున్నాను.

రేపల్లె ఖాలా మా అమ్మకి చెల్లెలు, నోట్లో నాకు అక్క. వాళ్ళాయన, మా ఖాలూ, సైకిలు షాపు మనిషి, ఎవరేమడిగినా కాదనడం తెలియనివాడు. ఆయన్ని దొడ్లోకి పిలిచి, సంగతంతా చెప్పి, సోమవారం మీరు మా అబ్బాగా బాపట్ల రావాలన్నాను. ఇలా నాన్నల్ని అరువు తెచ్చుకున్నవాళ్ళ కథలు హాస్టల్లో బోలెడు విన్నాను లెండి. ఆయన కాస్త ఆలోచించి సరేనన్నాడు. పెళ్ళినాటి కోటు వేసుకోనా, టైలర్నని చెప్పాలా అని కూడా అడిగాడు.

"చెప్పండి చెప్పండి," అంది ఖాలా బావి గట్టు మీంచి. అంతా విన్నది. "ఆ సారు చొక్కా తీసి, చినిగింది కుట్టిపెట్టమంటే ఏం చేస్తారూ? పంక్చరేస్తారా?"

తర్వాత తిట్లు తినడం నా వంతు. అవన్నీ ఇక్కడ రాయను. ఒక్క మాట మాత్రం రాస్తాను. "మా బావని ఒకసారి గుడ్డివాణ్ణి చేశావు, చాల్లేదా, ఇప్పుడు ఆయన్ని లేకుండానే చేస్తావా?" అంది. మర్నాడు పొద్దున్న నా జబ్బ పట్టుకుని రైలెక్కించి, తెనాలిలో కొట్టు మెట్ల దాకా తీసుకొచ్చి, తను మెట్టు మీద కూర్చుండిపోయి, లోపలికి నువ్వే పో అంది.

అబ్బా ఎవరిదో ప్యాంటుకి నడుంపట్టీ కుడుతున్నారు. చెప్పాను. మార్కులు, పురుగు కాళ్ళు, కాగితం, అన్నీ. మిషను ఆగిపోయింది. నా సంచిలోంచి రెండో ప్రతి తీయించి, తెలుగులో చదవమన్నారు. చదివాను. ఒక్కో వాక్యం దగ్గరా ఆపి, అంతే ఉందా, ఇంకేం లేదా అని అడిగారు. "ఆమె పేరు తొలగించుటకు నాకు అభ్యంతరము లేదు" దగ్గర మాత్రం ఆపలేదు. మిషన్లోంచి దారం బాబిన్ తీసి చేతిలో తిప్పుతూ, "నా చేత ఈ మాట అనిపించావా అమ్మా?" అన్నారు. కొడతారని సిద్ధపడి వెళ్ళినదాన్ని. కొట్టుంటే వాదించేదాన్ని.

సోమవారం బాపట్ల దాకా రైల్లో ఆయన నాతో మాట్లాడలేదు. సారు గదిలో కూర్చోమంటే కూర్చోలేదు. బతిమాలతారేమో, నా తరఫున చేతులు కట్టుకుంటారేమో, అది చూడాల్సొస్తుందేమోనని నేను గోడకి అంటుకుపోయాను. ఆయన బతిమాలలేదు. "ఆ కాగితం ఒకసారి ఇప్పిస్తారా అండి," అన్నారు. సారు ఫైలులోంచి తీసిచ్చారు. "ఇది నేను చదవకుండా పెట్టిన సంతకం అండి. ఇది చెల్లదు. మళ్ళీ పెడతాను." నాకేసి తిరిగి, చదువు అన్నారు.

సారు ముందు మళ్ళీ చదివాను. నాలుగు వాక్యాలే కానీ నాలుగో దానికి నా గొంతు లేదు. అబ్బా ఆగారు. గొంతు వచ్చేదాకా ఆగి, చదివించి, అప్పుడు మొదటి సంతకం కిందే రెండోది పెట్టారు, అంతే మెల్లగా, ఒక్కో అక్షరం విడివిడిగా. ఈసారి ఊదలేదు. నా పేరు కొట్టెయ్యడానికి అన్నీ తెలిసి ఒప్పుకుంటున్న మా అబ్బా చెయ్యి చూస్తూ నేను పడ్డ భయం ముందు అప్పటిదాకా పడ్డదంతా ఆటే.

సారు ఆ రెండు సంతకాలున్న కాగితాన్ని మళ్ళీ ఫైల్లో పెట్టుకున్నారు. తర్వాత తేల్చి చెప్పారు. పెట్టెకి సున్నా. పన్నెండు రోజుల్లో అరవై పురుగులు స్వయంగా పట్టి తేవాలి, వాటికి మార్కులుండవు, కానీ అవి తేకపోతే రాతపరీక్షకి కూర్చోనివ్వరు. ఆ సున్నాతో గీత దాటాలంటే మిగతా పరీక్షలన్నీ ప్రాణం పెట్టి రాయాలి. దాటకపోతే కాగితంలో ఉన్నదే జరుగుతుంది.

ఆ బుధవారానికల్లా హాస్టలుకి ఒక పొట్లం వచ్చింది. దోమతెర గుడ్డతో కుట్టిన వల, మూతికి రెండు వరసల కుట్టు. ఉత్తరం లేదు. ఆ వల పట్టుకుని పొద్దున్నే చేలగట్ల మీద పరుగెత్తాను, సాయంత్రం లైటు స్తంభాల కింద కాపు కాశాను, పడ్డాను, కందిరీగల చేత కుట్టించుకున్నాను. పురుగులు కూడా నాతో వాదించాయి. రెండు మూడు గెలిచాయి. ఎర్రగా మఖమల్ గుడ్డలా ఉందని ఆరుద్ర పురుగుని తెస్తే, ఎనిమిది కాళ్ళుంటే అది కీటకమే కాదమ్మా అని సారు తీసి అవతల పెట్టారు. దాని బదులు ఇంకొకటి పట్టుకొచ్చాను.

జాబితా అంటించిన రోజున గోడ దగ్గరికి వెళ్ళడానికి నాకు పావుగంట పట్టింది. కిందనుంచి చూసుకుంటూ వచ్చాను. అయిదు పాయింట్ సున్నా ఎంతో. గీత దాటడం కాదది, గీత మీద ఒంటికాలి మీద నిలబడడం. ఎర్రసిరా లేదు. ఫోను చెయ్యకుండా, మార్కుల కాగితం తీసుకుని రైలెక్కి తెనాలి వెళ్ళి అబ్బా చేతిలో పెట్టాను. ఆయన దాన్ని నాకే తిరిగిచ్చి, "చదువు," అన్నారు. అది నెలన్నర తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట.

అప్పట్నుంచి మా ఇంట్లో అదొక పద్ధతయిపోయింది. గ్యాసు కనెక్షను ఫారం గానీ, డాక్టరు రాసిన స్కానింగ్ రిపోర్టు గానీ, మునిసిపాలిటీ నోటీసు గానీ, నేను పైకి చదవాలి, ఆయన ఒక్కో వాక్యానికీ తల ఊపాలి, ఆ తర్వాతే సంతకం. చివరికి నా నిఖా కాగితం కూడా లోపలి గదిలో నా చేతే చదివించారు. బిర్యానీ చల్లారిపోతోందని బయట పెళ్ళివారి గోల. ఇంకా రెండు వాక్యాలున్నాయండి, ఆగండి, అని ఆయన.

అబ్బా పోయి ఆరేళ్ళవుతోంది. ఇప్పుడు సంతకాలే తక్కువైపోయాయి. చదవకుండానే సరేనని వేలితో నొక్కేస్తున్నాం, ఎవరినీ ఏమీ అడక్కుండానే ఏవేవో ఒప్పేసుకుంటున్నాం. ఈ పిల్లలకి మాలాంటి భయం లేకపోవడం మంచిదే, ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోవడం ఎంత అరుదో నన్నెరిగినవాళ్ళకి తెలుసు. అయితే ఆ భయం పోతూ పోతూ, ఒకరు చదువుతుంటే ఇంకొకరు నమ్మి వినే ఆ కాస్త సమయాన్ని కూడా పట్టుకుపోయింది. ఇప్పటికీ ఇంట్లోకి ఏ ఇంగ్లీషు కాగితమొచ్చినా నేను నిలబడి, గొంతు సవరించుకుని, పైకి తెలుగులో చదవడం మొదలుపెడతాను. మా ఆయన చదువుకున్నవాడు. "నాకూ వచ్చు ఇంగ్లీషు, ఇలా ఇయ్యి" అంటాడు. నిజమే కదా. ఇచ్చేస్తాను.