పట్టల షావలి కుట్టిన తెరచాప

బుచ్చిరెడ్డిపాలెంలో పట్టల షావలిని ఎరగని రైసుమిల్లు లేదు. వడ్ల రాసుల మీద కప్పే పట్టలు, లారీల మీద కట్టే పట్టలు ముప్పై ఎనిమిదేళ్ళుగా కుడుతున్నాడు. తుఫాను వచ్చినప్పుడల్లా మిల్లుల వాళ్ళు తక్కిన పట్టలు ఏ చేలో పడ్డాయోనని వెతుక్కుంటారు గానీ, షావలి కుట్టింది మాత్రం కప్పిన చోటే ఉంటుంది. పట్టలో వేలెడు వదులు ఉండకూడదు, వదులుంటే గాలి దూరుతుంది, గాలి దూరితే పట్ట నిలవదు. ఇదీ అతని సిద్ధాంతం. అడిగినవాళ్ళకూ చెబుతాడు, అడగనివాళ్ళకూ చెబుతాడు.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ ఆమధ్య కృష్ణపట్నం నుంచి యెహోషువ అనే పెద్దాయన వచ్చాడు. అరవై ఆరేళ్ళవాడు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేపల వేటే బతుకు. ఒకప్పుడు తెరచాప ఓడలు ఆగిన రేవు కదా, ఆ గుర్తుగా ఈ ఏడు అక్కడ తెరచాప పడవల పండగ చేస్తున్నారట. ఇంజన్లు తీసేసి ఒట్టి గాలితోనే పందెం వెయ్యాలట. అందరూ ఇంజన్లకు అలవాటుపడ్డాక చాపలు కుట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేకుండా పోయారు. ఎవరో షావలి పేరు చెప్పారు. తన తండ్రి నాటి చాపను ఎలుకలు కొట్టేశాయనీ, అచ్చం అలాంటిదే కావాలనీ చెప్పి, ఆ చాపనూ దళసరి కాన్వాసు గుడ్డనూ అప్పగించి వెళ్ళాడు.

షావలి ఆ పాత చాపను నేల మీద పరిస్తే అది ఒక పట్టాన పరుచుకోలేదు. మూడు మూలలా ఇటుకలు పెడితే నడుమ ఉబ్బింది. నడుమ తొక్కితే అంచులు ముడుచుకున్నాయి. పాపం, ముసలి గుడ్డ, గాలికి సాగిపోయింది అనుకున్నాడు. సాగిందనుకున్న భాగాన్ని లెక్కలోంచి తీసేసి, అంచుల కొలతలు మాత్రం తీసుకుని, ఎక్కడా ముడతన్నది లేకుండా బిగువుగా కుట్టాడు. పాతదాని లోపం సవరించానని పొంగిపోయాడు కూడా. వీధిలో ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టే అతని భార్య సర్దార్‌బీ కూడా చూసి, బల్లపరుపుగా ఉందని మెచ్చుకుంది.

పండగనాడు ఇద్దరూ తొలి బస్సెక్కారు. షావలి శుక్రవారం తొడుక్కునే తెల్లచొక్కా వేసుకున్నాడు. పందెంలో ఒక చాప తనదేనని పక్క సీటతనికి చెప్పాడు. కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కేసరికి సగం బస్సుకు తెలిసింది. మైపాడులో సముద్రం ఎప్పుడో చూశాడు గానీ, గాలికి ఎత్తిన తెరచాపను అతను ఇంతవరకూ చూడలేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రేవంతా జనం. మైకులు, రంగుజెండాలు, వేయించిన చేపల వాసన. ఏరు సముద్రంలో కలిసేచోట తొమ్మిది పడవలు నిలబెట్టారు. పొద్దున సరదాగా ఒక చుట్టు, అసలు పందెం మధ్యాహ్నం రెండింటికి.

చాపలు లేచాయి. ఎనిమిదింటికీ చూస్తుండగానే గాలి నిండి పొట్టలు వచ్చాయి, పడవలు పరిగెత్తాయి. యెహోషువ చాప మాత్రం తలుపుచెక్కలా నిలబడింది. గాలి దాన్ని తాకి పక్కకు జారిపోతోంది. పడవ ముందుకు పోకుండా అడ్డంగా కొట్టుకుపోయింది. తక్కినవాళ్ళు చుట్టు ముగించి టీలు తాగేవేళకు ఎలాగో ఒడ్డు చేరింది.

షావలికి విషయం అప్పుడే అర్థమైంది. పాత చాప సాగిపోలేదు. దాన్ని కుట్టిన మహానుభావుడు గాలి కోసం కావాలనే పొట్ట పెట్టి కుట్టాడు. తను ఆ పొట్టను శుభ్రంగా కోసి పారేశాడు.

ఒడ్డున కుర్రకారు యెహోషువను ఆట పట్టించారు. ఇంజనుకు అలవాటుపడ్డ చేతులకు చాపేం లొంగుతుందని నవ్వారు. ఆయన పడవ అంచున కూర్చుని అరచేతులు చూసుకున్నాడు. మధ్యాహ్నం పందానికి రాననీ, ఇక చాప ముట్టుకోననీ, పేరు కొట్టేయించమనీ కొడుకుతో చెప్పాడు. షావలి కనబడితే, చాపకేమీ వంక లేదు, కుట్టు బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పు షావలికి ముల్లులా దిగింది.

అయినా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఎవరికీ అనుమానం రాలేదు. బస్సెక్కి పోతే పేరు నిలుస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళ పేరు మరి. సర్దార్‌బీ మొగుడి మొహం చూసి ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే, గొణుగుతూ చెప్పాడు.

“ఆ పెద్దాయన తన చేతుల్ని తిట్టుకుంటా ఉంటే, నువ్వు ఈడ నిలబడి చూస్తా ఉండావా? పో, పొయ్యి చెప్పు” అంది.

వెళ్ళాడు. సిగ్గుతో కాళ్ళు ఇసుకలో ఈడ్చుకుంటూ వెళ్ళాడు.

“అన్నా, నీ చెయ్యేం మర్చిపోలా. తప్పు నాది. మీ నాయన చాపకి కడుపుండె. సాగిన గుడ్డ అనుకోని నేనే కోసేసినా.”

షావలి తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు.

“అయితే నా చేతిలో తప్పు లేదా?” అన్నాడాయన.

“లేదన్నా.”

“మళ్ళీ చెప్పు.”

“నీ చేతిలో తప్పు లేదన్నా.”

గుడ్డ పాడుచేశానని చెబితే ఇంత సంతోషించినవాణ్ణి షావలి ఎన్నడూ చూడలేదు. యెహోషువ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు, నవ్వుతూ లేచాడు, పేరు కొట్టేయించొద్దని కొడుకును కేకేశాడు. పదకొండున్నరైంది. ఎంతసేపట్లో బాగుచేస్తావని అడిగాడు.

అక్కడ మిషను లేదు. వలలు కుట్టే దారం, దబ్బనాలు తెచ్చి ఇచ్చారు. కోసేసిన గుడ్డను తిరిగి తేలేం కదా అని షావలి తలపట్టుకుంటే, సర్దార్‌బీ చాప అంచు చేతిలోకి తీసుకుంది. జాకెట్టుకు డాట్లు వెయ్యమా, అంచులో గుడ్డ మడిచి పట్టేస్తే నడుమ దానంతటదే లేస్తుంది అంది. మొగుడూ పెళ్ళాలు చెరో అంచునా కూర్చున్నారు. తండ్రి చాపకు పొట్ట ఎక్కడ ఉండేదో యెహోషువ చేత్తో గాలిలో గీసి చూపించాడు. షావలికి గుడ్డను వదులుగా వదలడం ఎంతకీ చేతకాలేదు. అలవాటు కొద్దీ నడుమ బిగించి లాగేవాడు, సర్దార్‌బీ అతని మణికట్టు మీద ఒక్కటి వేసేది. అట్లా రెండు కావచ్చేదాకా కుట్టారు.

పందెం మొదలైంది. చాప లేచింది, ఒక్క క్షణం టపటపా కొట్టుకుంది, తర్వాత గాలి నిండింది. పడవ ముక్కు లేపి ముందుకు దూకింది. జీవితమంతా గాలితో పోట్లాడిన షావలి ఒడ్డున నిలబడి, ఇంకా రా, ఇంకా రా అని ఆ గాలినే పిలిచాడు. అంత సంతోషం అతనికి ఏ మిల్లు ముందూ కలగలేదు.

తొమ్మిదింటిలో నాలుగోది వచ్చింది. బహుమతులు మొదటి మూడు పడవలకే. అది ఎవరికీ పట్టలేదు. తడిసి ముద్దయి దిగిన యెహోషువను జనం చుట్టుముట్టారు. షావలి మాత్రం చాప దగ్గరికి వెళ్ళి తన కుట్లు చూసుకున్నాడు. ఒకటి తూర్పుకూ ఒకటి పడమటికీ పోయాయి. ఊరికి తీసుకెళ్ళి, అన్నీ విప్పి, కొత్త గుడ్డ వేసి మిషను మీద చక్కగా కుట్టి పంపిస్తానన్నాడు.

యెహోషువ చాపను చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

“ఇప్పేదానికి ఈల్లేదు తమ్ముడా. వచ్చే ఏడు కూడా నేను ఇదే ఎత్తతా. నువ్వు పడవలో నా పక్కన కూచోవాల.”