మక్కాకు ముందు నంద్యాల

పోయిన శుక్రవారం మా పక్కింటి మామ పోయాడు. మధ్యాహ్నం నమాజుకని స్నానం చేసి, ఉతికిన లాల్చీ వేసుకుని, అత్తరు రాసుకుని, చెప్పులు తొడుక్కోవడానికి అరుగు మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. నంద్యాలలో నేను పాఠం చెప్పే బడికి అమ్మ ఫోన్ చేసింది. బస్సులో ఆళ్లగడ్డ దాకా ఏడుస్తూనే వచ్చాను. తీరా మా వీధిలో అడుగుపెట్టేసరికి, గుమిగూడిన జనంలో ఎవరో ఆయన అన్న మాటేదో చెబుతుంటే తక్కినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఆయన్ను తలుచుకుంటే ఎవరికైనా అంతే.

మాకు చుట్టరికమేమీ లేదు. మేము ఆదివారం చర్చికి, వాళ్లు శుక్రవారం మసీదుకు. మధ్యలో ఒక్క గోడ. నాకు మాటలొచ్చినప్పటినుంచీ ఆయన మామ, ఆయన భార్య అత్త. మామ పెండ్లిళ్లకు బిర్యానీ వండే మాస్టరు. గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది. రంజాన్ పండగనాడు మాత్రం ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ కూర్చోబెట్టి, మొదటి పళ్లెం గోడ మీదుగా మాకిచ్చేవాడు.

చేసిన మంచిని దాచుకోవడంలో ఆయన పడే తిప్పలు చూడాలి. మసీదులో కాళ్లు కడుక్కునే చోట పాచి పడితే ఎవరూ లేనప్పుడు వెళ్లి రుద్దేవాడు. ఒకసారి మా నాన్న కంటబడి, "ఏం చేస్తాండావప్పా?" అంటే, "ఉంగరం పడిపోయిందప్పా, ఎతుకుతాండా" అన్నాడట. ఆయన పుట్టి బుద్ధెరిగి ఉంగరం పెట్టింది లేదు.

"చేసింది చెప్పుకుంటే తప్పేముంది మామా?" అని నేను ఏడిపించేదాన్ని.

"గుడ్డ ఉతికినాక సబ్బు చేతిలో పట్టుకోని ఊరంతా తిరుగుతామా పాపా? మరక పాయెనా, ల్యాదా, అంతే" అనేవాడు.

కొన్నేళ్ల కిందట పెద్దకొడుకు ఆయన్ను మక్కాకు, ఉమ్రా యాత్రకు తీసుకుపోతానన్నాడు. బయలుదేరే ముందు తెలిసినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి తప్పులు మన్నించమని అడగడం వాళ్ల ఆనవాయితీ. దేవుడి పట్ల చేసిన తప్పు దేవుడు మన్నిస్తాడు, మనిషికి చేసింది ఆ మనిషే మన్నించాలి అనేవాడు మామ. వీధిలో ఒక్క ఇల్లూ వదల్లేదు.

మా అమ్మ ఊరుకుంటుందా! "నా నల్లకోడిని రాయితో కొట్టినావు, గుర్తుందా అప్పా?" అంది.

"కొట్టినా అక్కా. అది చచ్చిపాయె గదా, ఇప్పుడు దాన్నెట్ల అడగాల?"

ఎదురుగా విగ్రహాలు చెక్కే ఆచారి గారు ఉలి పక్కన పెట్టి, "ఏకాదశి ఉపవాసం ఉంటే నీ మసాలా వాసనతో నన్నెంత సతాయించినావయ్యా! పో, మాఫ్ చేసినా" అన్నారు.

అంతా అయ్యాక ఒక సాయంత్రం మామ గోడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "రేపు నీతో నంద్యాలకొస్తా పాపా. ఆడ ఒక మనిషిని అడగాల. ఒక్కడ్నే పోవాలంటే కాళ్లాడల్యా."

బస్సులో సంగతి చెప్పాడు. నంద్యాలలో ఇంకో వంట మాస్టరు ఉండేవాడు. తనకు రావలసిన ఒక పెద్ద పెండ్లి వంట ఆ మాస్టరుకు పోయిందన్న కుళ్లుతో, "ఆయప్ప మాడిన అన్నం కిందినుంచి తవ్వి పైన కలిపి పెడతాడు" అని నలుగురిలో అనేశాడు మామ. కళ్లతో చూసింది కాదు. ఆ మాట నంద్యాల పక్కన బండి ఆత్మకూరు వైపు పల్లెలన్నీ తిరిగింది. పెండ్లిళ్లకు పిలిచేవాళ్లు లేక ఆ మాస్టరు ఎవరిదో హోటల్లో పరోటాలు చేసుకుంటున్నాడు.

మేము వెళ్లేసరికి మొగుడూ పెళ్లాం వసారాలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. మామ నిలబడే అంతా చెప్పాడు. మాస్టరు తలెత్తలేదు.

"మాఫ్ చేసినా. పొయ్యిరా."

ఆయన భార్య మాత్రం చేతిలో పాయ కింద పెట్టింది. "అన్నా, ఒక మాట. నువ్వు నీ మక్కా కోసరం వచ్చినావా, ఈయప్ప కోసరం వచ్చినావా?"

"నా కోసరమే వచ్చినా తల్లీ" అన్నాడు మామ.

తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ, "మాట దొరికింది పాపా, మనిషి దొరకల్యా" అన్నాడు. ఇంటికొచ్చి, ఇప్పుడు యాత్రకు రానని కొడుకుతో చెప్పేశాడు. కొడుకు అరిచాడు, అలిగాడు. "అల్లా యాడికీ పోడురా. ఆయప్ప చేతిలో గరిటె ల్యాకుండా చేసి, ఆడికి పోయి నేనేమని చేతులెత్తాల?" అన్నాడు మామ.

ఆ ఏడాదంతా ఆ మాట పాకిన పల్లెలన్నీ తిరిగాడు. ప్రతి గడపలోనూ ఒకే మాట: "అప్పుడు నేను చెప్పింది అబద్ధం. కుళ్లుతో చెప్పినా." కొందరు తిట్టారు, కొందరు నవ్వారు, ఒకామె మజ్జిగిచ్చింది. ఇంతలో ఆళ్లగడ్డలో పెద్ద పెండ్లి వంట తనకొస్తే, "మాస్టరు నంద్యాలాయప్ప. నేను ఆయన కింద చేస్తా" అన్నాడు. మళ్లీ నంద్యాలకు వెళ్లాడు. ఈసారి మన్నింపు ఊసెత్తలేదు, వంటకు రమ్మని మాత్రమే పిలిచాడు. ఆయన వచ్చాడు.

ఆ పెండ్లికి నేనూ వెళ్లాను. మామ తెల్లారినప్పటినుంచీ ఉల్లిగడ్డలు తరుగుతూ, చెప్పిన పనల్లా చేశాడు. వడ్డన మొదలైతే పందిరి అదిరేలా, "ఇది నంద్యాల మాస్టరు చెయ్యి! తినండప్పా, తినండి!" అని అరిచాడు. అంతలో నంద్యాల మాస్టరు పొడుగు గరిటె డేగిసా అడుగు దాకా దించి, అడుగున్న అన్నం తీసి మామ పళ్లెంలో పెట్టాడు.

"చూడు. మాడిందా?"

మామ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి.

"మాడల్యా" అన్నాడు. మళ్లీ నమిలి, "ఉప్పు కొంచెం తక్కువైందప్పా."

నంద్యాల మాస్టరు పగలబడి నవ్వాడు. గరిటె అట్లాగే పట్టుకుని మామను కావలించుకున్నాడు. మాఫ్ అనే మాట ఆ రోజు ఇద్దరూ ఎత్తలేదు.

మరుసటి ఏడాది మామ ఉమ్రాకు వెళ్లివచ్చాడు. మొన్న శుక్రవారం చావింటికొచ్చిన వాళ్లందరికీ వండిపెట్టింది నంద్యాల మాస్టరే. ఎవరూ పిలవకుండానే వచ్చాడు.

నాకు మాత్రం ఒకటే కళ్లలో మెదులుతోంది. మామను చూడటానికి వచ్చినప్పుడల్లా ఆ మాస్టరు సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లేవాడు. ఆయన కిటికీ పక్కన కూర్చునేవాడు. కింద మామ కిటికీ కమ్మీ పట్టుకుని, బిర్యానీలోకి పోసుకునే దాల్చాలో చింతపండు రసం ఎప్పుడు పోయాలో గట్టిగా వాదిస్తుండేవాడు. బస్సు కదిలినా ఆ వాదన తెగేది కాదు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉండేవాడు, కండక్టరు కేకలేస్తూనే ఉండేవాడు, మామ ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో లుంగీ పట్టుకుని, మాట్లాడుతూ, నవ్వుతూ, బస్సు పక్కనే నడుస్తూ పోయేవాడు.