ఎప్పుడూ పచ్చగా వెలిగిన బల్బు

ఆ శనివారం పొద్దున పేషెంట్లందరికీ ఒకటో నంబరు టోకెన్ ఇప్పించింది ఘన్‌పూర్ అన్న కాదు, నేను. ఈ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే ఇప్పుడు ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్లు. తప్పులు చేయడం వేరేవాళ్ల పని అనుకునే వయసు.

సుబేదారిలో ఒక మిర్చీ బజ్జీల బండికి ఎదురుగా, మేడ మీద మూడు గదుల ఆఫీసు మాది. దవాఖానల్లో పేషెంట్లకు టోకెన్ నంబర్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లం. వారమంతా మేం రాసిన మార్పుల్ని శుక్రవారం సాయంత్రం సర్వర్‌లోకి ఎక్కించాలి. ఆ పని ఘన్‌పూర్ అన్న చేతిలో ఉండేది. (స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు కాబట్టి ఘన్‌పూర్ అన్న. అసలు పేరుతో పిలిస్తే ఆయన కూడా తల తిప్పేవాడు కాదు.) ఆయన దగ్గర అట్ట ఊడిన నోట్‌బుక్కు ఒకటి, అందులో ఇరవై మూడు స్టెప్పులు ఉండేవి. కుర్చీలో వెనక్కి వాలి ఒక్కొక్కటే పైకి చదివేవాడు. మాలో ఒకరు ఆ పని చేసి జవాబు చెప్పాలి. "పాత ఫైళ్లు పక్కకు పెట్టుడు అయిందా?" "అయింది అన్నా." ఆ మాట వినబడందే తర్వాతి స్టెప్పు చదవడు. మధ్యలో మిర్చీలు వస్తే, అందరూ తిని చేతులు కడుక్కుని వచ్చేదాకా సర్వర్ కూడా ఆగేది.

నాకు అదంతా నామోషీగా ఉండేది. హైదరాబాదులో నా స్నేహితులు ఒక్క బటన్ నొక్కితే పరీక్షించడం, ఎక్కించడం అన్నీ వాటంతట అవే జరిగిపోతాయని చెబుతుంటే, మేమిక్కడ వ్రతకథ చదివినట్టు చదువుతున్నాం. నెల రోజులు కూర్చుని ఆ ఇరవై మూడు స్టెప్పుల్నీ ఒక ప్రోగ్రాముగా రాశాను. చివర నా సొంత తెలివి ఒకటి కలిపాను: అన్నీ పూర్తికాగానే గోడ మీద పచ్చ బల్బు వెలగాలి. మట్టెవాడలో బల్బు, హోల్డరు కొని నేనే బిగించాను. తొలి శుక్రవారం బటన్ నొక్కాను. బల్బు వెలిగింది. మా యజమాని (మేం సార్ అనేవాళ్లం) బాదుషాలు తెప్పించాడు. అన్న నోట్‌బుక్కు మూసేసి, "ఇగ నా నోటికి ఆరామే తమ్మీ" అన్నాడు. ఆ గొంతులో ఏముందో వినే తీరిక నాకు లేదు, నోట్లో బాదుషా ఉంది.

మూడు శుక్రవారాలు బల్బు వెలిగింది. నాలుగోసారి మేనకోడలి పెళ్లని అన్న రాలేదు. నేను బటన్ నొక్కాను, బల్బు వెలిగింది, ఇంటికి వెళ్లాను. మర్నాడు పొద్దున ఒక దవాఖాన నుంచి కాంపౌండర్ ఫోను. "అందరు నాదే ఒకటో నంబర్ అంటాన్రు సార్. ఎవర్ని లోపటికి తోలాలె? ఒకాయన నేనే అసలు ఒకటి అని తలుపుకు అడ్డం కూసున్నడు."

నా ప్రోగ్రాము తెరిచి చూసుకున్నాను. ఏ స్టెప్పు చెడిపోయినా ఆగమని దానికి నేను చెప్పలేదు. పదకొండోది చెడినా పన్నెండోదానికి పోతుంది, ఆఖరికి బల్బు వెలిగిస్తుంది. ఈసారి అలాగే చెడి, టోకెన్ల లెక్క ఒకటి దగ్గరే ఆగిపోయింది. సర్వర్ కాలిపోయినా మా గోడ మీద పచ్చగానే ఉండేది. అంతకుముందు మూడు శుక్రవారాలు కూడా పని సగంలోనే చెడింది. మేమంతా వెళ్లిపోయాక ఎవరో మిగతా స్టెప్పులన్నీ చేత్తో పూర్తిచేశారు. ఎవరు ఏం చేశారో సర్వర్ రాసిపెట్టుకునే రికార్డులో అన్న పేరు ఉంది. నా బాదుషా చేదు కాకూడదని మూడుసార్లు సాయంత్రం ప్యాసింజర్ వదులుకున్నాడన్నమాట.

నా వెనక నిలబడి సార్ కూడా ఆ పేరు చూశాడు. కానీ మరోలా అర్థం చేసుకున్నాడు. సోమవారం అందరి ముందూ, మిషన్ చేసే పనిలో నువ్వెందుకు చెయ్యి పెట్టావు, అందుకే చెడిందని అన్నను నిలదీశాడు. అన్న ఒక్కసారి నా వైపు చూశాడు. నేను బల్బు వైపు చూశాను.

"పెట్టిన సార్, నేనే" అన్నాడు అన్న.

ఆయన్ని ఫోన్లు ఎత్తే బల్ల దగ్గరికి మార్చారు. చెడిన స్టెప్పు దగ్గరే ఆగేలా నేను గుట్టుగా ఒక్క లైను కలిపి ప్రోగ్రాము సరిచేశాను. బల్బు మళ్లీ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, నాకు మంచి పేరు వచ్చింది. ఏడాది తిరగకుండానే అన్న రావడం మానేశాడు.

ఆ తర్వాత పెద్ద ఆఫీసుల్లో ఇలాంటివి చాలా కట్టాను. రోజుకు పదిసార్లు అన్నీ వాటంతట అవే ఎక్కుతాయి, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. శుక్రవారం సాయంత్రమైతే మాత్రం నా చెవి ఇంకా ఆ గొంతు కోసం ఎదురుచూస్తుంది. ఎవరూ అడగకుండానే "అయింది అన్నా" అని గొణుక్కుంటాను. పక్క సీటు అమ్మాయి ఫోన్లో మాట్లాడుతున్నాననుకుంటుంది.

పోయిన నెల ఘన్‌పూర్ వెళ్లాను. అన్న పొలంలో బోరు మోటారు స్టార్టర్ దగ్గర ఉన్నాడు. డబ్బా మీద పచ్చ లైటు వెలుగుతోంది. అయినా ఆయన గట్టు మీదుగా నడిచి వెళ్లి, పైపు మూతికి చెయ్యి పెట్టి చూసి వచ్చాడు.

"లైటు ఎలుగుతది తమ్మీ. నీళ్లు వస్తానయా లేదా మనమే చూడాలె" అన్నాడు. ఎగతాళి ఏమీ లేదు. అదే నాకు కష్టమైంది.

"అన్నా, ఆ తప్పు నాది. సార్ అడిగిననాడు నోరు తెరవలే. నీ పని పోయింది, నేను సూసుకుంట కూసున్న. మాఫ్ చెయ్యి."

అన్న తడి చెయ్యి తువ్వాలకు తుడుచుకున్నాడు. గట్టు మీద వెనక్కి వాలి కూర్చుని, ఆ పాత కుర్చీలో ఉన్నట్టే అడిగాడు.

"చెప్పుడు అయిందా?"

"అయింది అన్నా."